ముందు కర్ర, ఎనుక కాలు

ఆగు ఓదేలు, చెప్పులు ఈడ్నే ఇడువు.
ప్రాణహిత ఇయ్యాల మెత్తగ మాట్లాడుతున్నది.
మెత్తగ మాట్లాడెటోళ్లను నమ్మద్దనేటోడు మీ తాత.
ఆయన అన్నది సావుకారి గురించి,
నేను అంటున్నది ఒండ్రు గురించి.

నీళ్లు దిగినంక
సిరొంచ రేవు కింద ఇగో, ఇట్ల పెచ్చు కడుతది.
నెర్రెలు వాసి, అంచులు అప్పడం తీరు లేస్తయి.
కొంగ నిలవడితె కొంగను మోస్తది,
కుక్క ఉరికితె కుక్కను మోస్తది.
మనిషి కాడికి వచ్చినంక లెక్క మారుతది.

రంగు చూడు.
బూడిద రంగుది ఆరింది,
గోధుమ వన్నెది ఆరుతున్నది,
ఎండల నూనె రాసినట్టు మెరిసే ఆ నల్లది ఉన్నదే,
అటు దిక్కు దేవుడు పిలిచినా పోకు.
తుంగ మొలిచిన కాడ వేరు పట్టు ఉంటది.
ఆవు డెక్కల గుంతల్ల నీళ్లు ఊరుతుంటె
ఆవు తప్పించుకున్నదని అర్థం,
నువ్వు తప్పించుకుంటవని కాదు.

ముందు కర్ర, ఎనుక కాలు.
వెదురు పొడిస్తె టక్కుమనాలె.
బుస్సుమంటె మర్లు.
మర్లెటప్పుడు సుత నీ అడుగుల్లనే అడుగెయ్యి.
ఒక్కనివి పోకు. ఇద్దరు పోతె పక్కపక్కకు నడువకుండ్రి,
నాలుగు బారల ఎడం, నడుమ తాడు.
ముచ్చట్లు ఒడ్డుకు వచ్చినంక.

మడుగుల బొమ్మెలు ఉన్నయి, నాకెరుకే.
నీళ్లు తగ్గినకొద్ది ఒకదాని మీద ఒకటి పడి
తోకలతోని తపతప కొడుతున్నయి.
ఆ సప్పుడే మనిషిని ఉరికిస్తది.
నన్ను ఉరికించింది.

అప్పటికి నీకు పాలపండ్లు ఊడుతున్నయి.
గంప నెత్తిన, చూపు మడుగు మీద,
కర్ర సంకల.
ముందు ఎడమ మోకాలు, తర్వాత నడుము.
లోపల సల్లగ ఉంటది. ఆ సంగతి ఎవ్వరూ చెప్పరు.
మీద మాడు పగిలే ఎండ,
కింద ఎవరో కాళ్లు పట్టుకొని
"జరసేపు ఉండరాదు" అని బతిమాలినట్టు.

తన్నుకున్న. తన్నుకున్నకొద్ది దిగిన.

"తన్నకు బాయీ! ఎనుకకు ఒరుగు! చేతులు సాపు!"
ఒడ్డు మీదికెల్లి కలీము కేక.
అహేరి నుంచి బరఫు తెచ్చి మన చేపలు కొనుక్కపోయెటోడు,
కిలకు వంద గ్రాములు ఎగవెట్టెటోడు,
అసొంటోడు
థర్మకోల్ పెట్టె మూత ముందుకు నూకుకుంట
ఉడుము తీరు బోర్ల పాక్కుంట వచ్చిండు.
మూత నా ఈపు కిందికి తోసిండు.
గుంజలేదు. గుంజితె కీళ్లు ఊడుతయట.
కాలును మెల్లగ ఆడించుమన్నడు,
సందుల్లకు నీళ్లు దిగనియ్యిమన్నడు.
తుమ్మ ముల్లు తీసేటంత ఓపిక.
ఒక కాలు, మల్ల రెండోది.
పొద్దు గుంకినంక ఒడ్డు చేరినం.
గంప పోయింది. కాలి మట్టె ఒకటి పోయింది.

తెల్లారి తూకం కాడ
మల్ల వంద గ్రాములు ఎగవెట్టిండు.
చూసిన. చూడనట్టు ఊకున్న.
ఆ ఒక్కనాడే. మర్నాటి నుంచి మల్ల కొట్లాటే.

వాని బావమరిది లడాఖ్‌ల సడక్ పనికి పోయిండట.
ఆడ చలికాలం నీళ్లన్ని బరఫు అయితయట,
మనుషులు దాని మీద నడిచి, బొక్క కొట్టి
గాలం ఏస్తరట.
"నమ్ముతవా బాయీ?" అని నవ్విండు కలీము.
నేను నవ్వలే.
ఆడ సుత ముందు కర్రనే కొడుతరా అని అడిగిన.
వానికి తెల్వదు.
తెల్సుకొని చెప్పుమన్న. ఇంకా చెప్పలే.

ఇగ నడు.
మూత నడుముకు కట్టుకో, నవ్వెటోళ్లు నవ్వనీ.
బొమ్మెలు యాడికి పోవు,
పోతె పోనీ, మన పేరు రాసుకొని పుట్టలే అవి.

ఏదీ, కొట్టు.
అట్ల కాదు, జర గట్టిగ.
ఇన్నవా?
మల్లొకసారి కొట్టు.